గడియారం చెయ్యి

దర్జీ దుకాణం పైన గది,
జూలై 4

మరదలు పిల్లకు,

ఎనిమిది నెలల తర్వాత రాస్తున్నాను. కుశల ప్రశ్నలు వేసే ఓపిక లేదు. ఒళ్ళు మండిపోతోంది, సూటిగా విషయానికి వస్తాను.

నిన్న కింద దర్జీ ఏదో పత్రిక కాగితంలో గుండీలు చుట్టి ఇచ్చాడు. విప్పి చూస్తే మీ అన్నగారి ఫొటో. సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యి వేసుకుని దూరంగా కొండలవైపు చూస్తున్నాడు. కింద ఇలా రాశారు: 'పదకొండేళ్ళు ఒంటరిగా తిరిగి, ఇక్కడి సరస్సులనూ కొండలనూ కలుపుతూ ఏడు సైకిల్ దారులు తయారుచేసిన యాత్రికుడు. త్వరలో పుస్తకం.'

ఒంటరిగా తిరిగాడట! వీధి చివరికి వెళ్ళి పాలు తేవాలన్నా కారు తీసే మనిషి. సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణం పెట్టుకుని, సైకిలెక్కితే నడుం పట్టేస్తుందని చెప్పే మనిషి.

ఆ ఏడు దారులూ నావి. ఆ సంగతి నీకు తెలుసు. ఏ ఎత్తు దగ్గర దిగి నడవాలి, ఏ సరస్సును ఏ పూట చూడాలి, మంచినీళ్ళ కొళాయి ఎక్కడుంది, ఏ ఇంటి కుక్క పిక్క పట్టుకుంటుంది, అన్నీ నేను తిరిగి రాసుకున్నవి. ఒక్కో దారి నాలుగుసార్లు తొక్కాను. ఎండలో ఒకసారి, వానలో ఒకసారి, ఎదురుగాలిలో ఒకసారి, ఏమీ రాసుకోకుండా ఊరికే చూస్తూ ఒకసారి. ఇల్లు వదిలి వచ్చిన రోజున ఏడు నోటు పుస్తకాలూ అటక మీద రేకుపెట్టెలో ఉండిపోయాయి. మనసు కుదుటపడ్డాక వచ్చి తెచ్చుకుందాం అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

కాపురం పోయినందుకు నేను ఏడవలేదు. దీనికి ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు కూడా అయిపోయింది. నాకు రెండు కావాలి. ఆ పుస్తకం మీద నా పేరు ఉండాలి. నలుగురి ముందూ ఆ మనిషి తల దించుకోవాలి. మొదటిది దొరక్కపోయినా సర్దుకుంటాను. రెండోది మాత్రం వదలను.

అచ్చుకు పోయే కాగితాల ప్రతి ఒకటి నాకు పంపు. అన్న మీద ప్రేమ అడ్డొస్తే పంపకు, వేరే మార్గం చూసుకుంటాను.

వదిన
(ఆ పిలుపు ఇంకా చెల్లుతుందో లేదో నువ్వే చెప్పాలి)


సైకిల్ దుకాణం వెనక షెడ్డు,
జూలై 15

వదినకు,

చెల్లుతుంది. నీకూ అన్నయ్యకూ తెగింది గానీ, నీకూ నాకూ ఎవరు తెంపారు? ఎనిమిది నెలలకైనా గుర్తొచ్చాను, అదే పదివేలు.

కాగితాలు పంపుతున్నాను. ట్యూబుల పెట్టె అడుగున దాచి, పైన రెండు పాత ట్యూబులు వేశాను. పరీక్షలో చీటీ దాచుకున్న రోజుల తర్వాత నా గుండె ఇంతగా కొట్టుకోవడం ఇదే.

నోటు పుస్తకాలు అటక సర్దుతుంటే అన్నయ్యకే కనబడ్డాయట. తర్వాత ఎవరిచేతో టైపు చేయించాడు. నాకు అంతవరకే తెలుసు.

ఇక్కడి వేషాలు నువ్వు చూసి తీరాలి. ఒంటికి అతుక్కుపోయే సైకిల్ బట్టలు తెప్పించాడు. ఊపిరి బిగబడితే గానీ జిప్పు పడదు. పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని అద్దం ముందు నిలబడతాడు. "చెల్లీ, ఎటువైపు నుంచి బాగున్నాను?" అని అడిగాడు. "వెనకనుంచి అన్నయ్యా, వెళ్ళిపోతున్నప్పుడు" అన్నాను. అది కూడా పొగడ్తే అనుకున్నాడు.

పుస్తకం విడుదల అక్టోబరు చివరి ఆదివారం. ఆ రోజు ఏడో దారిలో యాత్ర. పాతికమంది సైకిళ్ళ మీద వస్తారు. పర్యాటక కార్యాలయం పెద్దాయన, పత్రికల వాళ్ళు కూడా. అన్నయ్య ముందుండి పుస్తకం చదువుతూ దారి చూపిస్తాడట. ఏడో దారి అతను ఒక్కసారి కూడా తొక్కలేదు వదినా. హైవే మీద కారులో వెళ్ళి, చివర ఉన్న సరస్సు దగ్గర ఫొటో దిగి వచ్చాడు.

నీ గది ఎలా ఉంది, వంట చేసుకుంటున్నావా, ఏమీ రాయలేదు. పోనీలే.

నీ మరదలే


దర్జీ దుకాణం పైన గది,
ఆగస్టు 2

నా బంగారుకొండా,

ఇవాళ నేను పగలబడి నవ్వితే కింద కుట్టుమిషన్ ఆగిపోయింది. దర్జీ మెట్లెక్కి వచ్చి, "ఏమైందమ్మా, ఒంట్లో బాగుందా?" అని అడిగాడు. ఇంత బాగుండి ఏళ్ళయిందని చెప్పాను.

నీకు సైకిల్ నేర్పిన రోజులు గుర్తున్నాయా? ఎడమకి అంటే కుడికి తిప్పేదానివి, కుడికి అంటే ఎడమకి. రెండుసార్లు ఒకే గోడను గుద్దావు. చివరికి నా గడియారం నీ ఎడమచేతికి కట్టి, 'గడియారం చెయ్యి', 'ఖాళీ చెయ్యి' అని చెప్పాక దారిలో పడ్డావు. నాకూ అదే అలవాటైపోయింది. నా నోటు పుస్తకాల్లో ఎడమ, కుడి అనే మాటలే లేవు. ఈ కాగితాల్లో గడియారం చెయ్యి ఉన్నచోటల్లా 'ఎడమ' అని మార్చారు. మొదటి ఆరు దారుల్లో అది సరైనదే.

ఏడో దారి కొలుస్తుండగా నేను పడ్డాను. నువ్వు చక్రాల పని నేర్చుకోడానికి ఆరు నెలలు వేరే ఊళ్ళో ఉన్నావే, అప్పుడు. నాలుగో మలుపు దాటాక కంకర మీద చక్రం జారి ఎడమ మణికట్టు విరిగింది. నెలన్నర కట్టు. కట్టు విప్పాక కూడా ఆ చేతికి గడియారం బిగిస్తే నొప్పి పుట్టేది. కుడిచేతికి మార్చుకున్నాను. ఆ తర్వాతే వెళ్ళి మిగతా దారి పూర్తిచేశాను. అంటే ఐదో మలుపు నుంచి గడియారం చెయ్యి నా కుడిచెయ్యి!

మీ అన్న పుస్తకంలో అక్కడ కూడా 'ఎడమ' అనే ఉంది.

ఐదో మలుపు దగ్గర కుడికి తిరిగితే కొండ అంచు మీదికి పోతాం. మూడు సరస్సులూ ఒకేసారి కనబడతాయి. ఎడమకి పోయేది పాత రోడ్డు. ఆనకట్ట కట్టాక నీళ్ళు పెరిగి ఆ రోడ్డు సరస్సులో మునిగిపోయింది. దాని చివర మోకాలి లోతు బురద. అతుక్కుపోయే బట్టల్లో, పుస్తకం చేత్తో పట్టుకుని, పత్రికల వాళ్ళను వెంటేసుకుని ఆ మహానుభావుడు అందులో దిగుతాడు. ఎదురుగట్టు మీద ఫ్లాస్కులో టీ పోసుకుని నేను కూర్చుంటాను.

కట్టు విప్పాక ఆ మనిషితో ఒకే ఇంట్లో రెండు నెలలున్నాను. నా గడియారం ఏ చేతికుందో ఒక్కనాడు చూడలేదు. ఇప్పుడు చూస్తాడు.

నువ్వు ఒక్క అక్షరం దిద్దకు. నోరు మెదపకు.

అన్నట్టు ఒక సందేహం. గడియారం చెయ్యి అంటే ఎడమ అని మీ అన్నకు ఎవరు చెప్పి ఉంటారు? తీరిక చేసుకుని జవాబు రాయి.

నీ వదిన


సైకిల్ దుకాణం వెనక షెడ్డు,
ఆగస్టు 20

వదినా,

నీ చెయ్యి విరిగిందా? నాకు ఎవరూ చెప్పలేదు. నీ ఉత్తరం చూశాక అన్నయ్యను ఊరికే అడిగినట్టు అడిగాను. "ఆఁ, ఏదో పడింది, కట్టు కట్టారు" అన్నాడు, క్యాలెండర్ తిప్పుతూ. ఏ చెయ్యని అడిగితే, "చెయ్యా? కాలనుకున్నానే" అన్నాడు. నా చేతిలో ఉన్న పానా అతని మీద విసరకుండా ఆపుకోవడం కష్టమైంది. ఇప్పుడు నొప్పి ఉందా? బ్రేకు గట్టిగా పట్టుకోగలుగుతున్నావా? చలికి లాగితే చెప్పు, హ్యాండిల్‌కి మెత్తటి పట్టీ చుట్టి పంపుతాను.

నువ్వు అడిగిన సందేహం సంగతి సరిగ్గా తెలీదు. దుకాణానికి ఎంతోమంది వచ్చిపోతుంటారు కదా, ఎవరో చెప్పి ఉంటారు.

ఇంకో సంగతి. మొన్న అన్నయ్య కొత్త బట్టలు వేసుకుని దుకాణం చుట్టూ రెండుసార్లు తొక్కాడు. సాయంత్రానికి మోకాలు పట్టేసింది. "చెల్లీ, ఆ రోజు నువ్వు ముందుండి పుస్తకం చూసి దారి చదువు. నేను పెద్దాయన్నీ పత్రికల వాళ్ళనీ కారులో ఎక్కించుకుని వెనకే వస్తాను" అన్నాడు.

అంటే బురదలో ముందు దిగేది నేను. దిగుతాను, బట్టలు ఉతుక్కుంటే పోతుంది. బురదే కదా వదినా? ఇంకేమీ లేదు కదా?

నీ మరదలు


దర్జీ దుకాణం పైన గది,
సెప్టెంబరు 1

సైకిల్ దుకాణం మెకానిక్ గారికి,

మీ ఉత్తరం అందింది. నా మణికట్టు గురించి అంత రాశారు. నేనడిగిన దానికి మాత్రం నీళ్ళు నమిలారు.

గడియారం చెయ్యి సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. అందులో నేనొకదాన్ని. ఆ రేకుపెట్టె రెండో తాళంచెవి నేను ఇచ్చింది ఒక్కరికే, అది మీ అన్నగారికి కాదు. మీ అన్నగారికి నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. ఇంతకన్నా వివరంగా రాయాలా?

మొదటి కాగితం చూసినప్పుడే అనుమానం వచ్చింది. అందుకే అడిగాను. మీరే చెప్తారని మూడు వారాలు ఎదురుచూశాను. ఆ మూడు వారాలు ఎదురుచూసినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. పరాయివాడు దోచుకుంటే కోపం వస్తుంది. చేయిపట్టి సైకిల్ నేర్పిన పిల్ల పెట్టె తాళం తీసిస్తే ఏం వస్తుందో దానికి నా దగ్గర మాట లేదు.

బురదేనా అని అడిగారు. బురద సంగతి రాశాను. బురద దాకా ఎలా చేరతారో రాయలేదు. రాయను. మీరు టైపు చేసిన దారే కదా, ముందుండి చదవండి. మీరు కొట్టిన 'ఎడమ' దగ్గర ఎడమకే తిరగండి.

నా కక్ష ఒక మనిషికే సరిపోతుందనుకున్నాను. చూస్తే ఇద్దరికీ సరిపడా ఉంది.

ఏడు దారులు వేసిన మనిషి


సైకిల్ దుకాణం వెనక షెడ్డు,
సెప్టెంబరు 14

వదినా,

'గారు' అని రాశావు. తిట్టినా బాగుండేది.

అవును, నేనే. తాళం తీసిందీ నేనే, నిచ్చెనెక్కిందీ నేనే, నలభై రోజులు కూర్చుని టైపు చేసిందీ నేనే. అన్నయ్య మోసం చేశాడని చెప్పి తప్పించుకోవచ్చు. పుస్తకం మీద నీ పేరు వేస్తానని నాతో అన్నాడు. కానీ అది అబద్ధమని నాకు సగం తెలుసు. తెలిసీ చేశాను.

ఎందుకో చెప్తాను. చక్రాల పని నేర్చుకుని ఆరు నెలల తర్వాత తిరిగొచ్చాను. నీకోసం నా చేత్తో బిగించిన చక్రం ఒకటి తెచ్చాను. ముప్పై ఆరు ఊచలు, ఎక్కడా వంకర లేదు, అది నా పరీక్ష చక్రం. ఇంట్లోకొచ్చి చూస్తే గోడ కొక్కేనికి నీ సైకిల్ లేదు. చీటీ లేదు. "మీ వదిన వెళ్ళిపోయింది, టీ పెట్టు" అన్నాడు అన్నయ్య. అంతే.

నువ్వు అన్నయ్యను వదిలేశావు, మంచి పని చేశావు. నన్నెందుకు వదిలేశావు? నేను నీకేం చేశాను? నీకు పదకొండేళ్ళ దారులు ఎంతో, నాకు నువ్వు అంత. ఆ కోపంతోనే నీ పెట్టె తెరిచాను. నీకు బాగా నొప్పి పుట్టాలనుకున్నాను. పుట్టింది. నాకేమీ హాయిగా లేదు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఏడో పుస్తకంలో నాలుగో మలుపు కింద, 'ఇక్కడ పడ్డాను. లేచాను.' అని రాశావు. టైపు చేస్తూ చదివాను. సైకిలన్నాక పడడం మామూలే, యాత్రికులకు ఇదంతా అనవసరం అనుకుని తీసేశాను. ఏం జరిగిందో అన్నయ్యను అడిగి ఉండాల్సింది. అడగలేదు.

ఆ రోజు ముందు నేనే ఉంటాను. నేను టైపు చేసిన చోట ఎడమకే తిరుగుతాను. వెనక వచ్చేవాళ్ళను మాత్రం మలుపు ముందే ఏదో సాకు చెప్పి ఆపేస్తాను, వాళ్ళకు నీతో తగాదా లేదు. అక్కడేముందో చెప్పమని నిన్నడగను.

మరదలు


దర్జీ దుకాణం పైన గది,
అక్టోబరు 10

మరదలికి,

నీ ఉత్తరం మూడు వారాలు దిండుకింద పెట్టుకుని తిట్టుకున్నాను. నిన్న సైకిలేసుకుని ఐదో మలుపు దాకా వెళ్ళాను.

పాత రోడ్డు నిటారుగా దిగుతుంది. రెండు వంపులు, అంతా విడి కంకర. కింద బురద దాటగానే పాత వంతెన రాళ్ళు నీళ్ళలోంచి పైకి లేచి ఉన్నాయి. సన్న టైర్ల సైకిల్‌కి అక్కడ బ్రేకు పనిచేయదు. ఇది నాకు ముందునుంచీ తెలుసు. ఆగస్టులో రాసినప్పుడు బురద మాత్రమే రాసి, ఇది దాచాను. మీ అన్న ముందుంటాడనుకున్నాను మరి. ఎంత కోపంలో ఉన్నానో నీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

దర్జీ దగ్గర పడుంటే తీసుకెళ్ళిన పాత సైకిల్ చక్రం ఒకటి నిన్న అక్కడ పైనుంచి వదిలాను. మొదటి వంపు దగ్గర ఎగిరింది. రెండో వంపు దగ్గర ఇంకా పైకి ఎగిరింది. రాళ్ళకు తగిలి నీళ్ళలో పడింది. అక్కడే కంకర మీద కూలబడ్డాను.

జాగ్రత్తగా చదువు. ఐదో మలుపు దగ్గర నువ్వూ నీ వెనక ఉన్న పాతికమందీ కుడికి తిరగండి. కారుకు కిలోమీటరు ముందుండు, మలుపు దగ్గర మీరు ఆ మనిషికి కనబడకూడదు. అప్పుడు అతను పుస్తకం చూస్తాడు. అతని పుస్తకం, అతని పేరు, అతని దారి. పోనీ. కారుకు ప్రమాదమేమీ లేదు. లావు టైర్లు, పైగా ఆ పిరికివాడు వాలు కనబడితే ఇరవై దాటి నడపడు. రాళ్ళ దాకా కూడా రాడు, ముందున్న బురదలోనే దిగబడతాడు.

ఏడో నోటు పుస్తకం నీ సంచిలో పెట్టుకో. ఎప్పుడు తీయాలో నీకే తెలుస్తుంది.

నిన్ను క్షమించానని అనుకోకు. నువ్వు బతికి ఉంటేనే కదా నీమీద కోపం పెట్టుకోగలిగేది.

నిన్నెందుకు వదిలేశానని అడిగావు. చీటీ రాయడానికి కూర్చున్నాను. విరిగి అతుక్కున్న చెయ్యి ఆ రోజు మళ్ళీ పోటు పెట్టి, కాగితం కదలకుండా అదిమిపెట్టలేకపోయాను, విసుగొచ్చి లేచాను. ఆ తర్వాత రాయకపోవడానికి మాత్రం సాకు లేదు. సిగ్గేసింది, అంతే.

వదిన


సైకిల్ దుకాణం వెనక షెడ్డు,
అక్టోబరు 30

వదినా,

మొదటినుంచీ చెప్తాను, మధ్యలో నవ్వకు.

మేం కుడికి తిరిగి కొండ అంచెక్కాం. మూడు సరస్సులూ కనబడగానే పాతికమందీ మాటలాపేశారు. నేనూ ఆపేశాను. నువ్వు నాలుగోసారి ఏమీ రాసుకోకుండా ఎందుకు తిరిగేదానివో నాకు అక్కడ అర్థమైంది.

అప్పుడు ఎవరో, "అదేంటి, ఆ కారు నీళ్ళలోకి పోతోంది?" అన్నారు. కింద పాత రోడ్డు మీద అన్నయ్య తెల్లకారు నత్తలా దిగుతోంది. ఆగింది. మళ్ళీ కదిలింది. ముందు చక్రాలు బురదలో కూరుకుపోయాయి. తలుపు తీసి మొదట పెద్దాయన దిగాడు, ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది. తర్వాత ఒక పత్రికావిడ. చివర్న అన్నయ్య, అవే బట్టల్లో, పుస్తకం నెత్తిన పెట్టుకుని. పాతికమందీ పొట్టలు పట్టుకుని నవ్వారు.

గంట తర్వాత ముగ్గురూ నడిచి పైకొచ్చారు. పత్రికావిడ మోకాళ్ళ దాకా బురదతోనే అడిగింది, "పదకొండేళ్ళు తిరిగిన దారి కదండీ, ఎలా తప్పారు?" అన్నయ్య తడుముకోకుండా నావైపు వేలు చూపించాడు. "మా చెల్లెలు టైపులో తప్పుచేసింది." ఆవిడ వెంటనే, "దేన్ని చూసి టైపు చేసింది?" అంది.

నేను సంచిలోంచి నీ పుస్తకం తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ తిప్పుతూ తిప్పుతూ నాలుగో మలుపు దగ్గర ఆగింది. "ఇక్కడ పడ్డాను, లేచాను అని ఉంది. దెబ్బ బాగా తగిలిందాండీ?" అని అన్నయ్యను అడిగింది.

అన్నయ్య ఛాతీ విరుచుకుని, "నేనా? నేనెప్పుడూ పడలేదండీ!" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు వదినా. అందరూ ఆ పుస్తకంకేసి, అతనికేసి చూశారు. పడింది ఎవరో, లేచింది ఎవరో, ఏ మణికట్టు విరిగిందో నేను చెప్పాను. పెట్టె తాళం తీసింది నేనేనని కూడా చెప్పాను. అన్నయ్య తల దించుకుని తన బురద బూట్లు చూసుకున్నాడు. నువ్వు కోరుకున్నంత సేపు.

పెద్దాయన పుస్తకాల కట్ట విప్పనివ్వలేదు. అట్ట మార్చి, నీ పేరుతో, ఐదో మలుపు సరిదిద్ది మళ్ళీ అచ్చు వేయాలన్నాడు. 'ఇక్కడ పడ్డాను. లేచాను.' అన్నది కూడా ఉండాలని నేను పట్టుబట్టాను.

ఎదురుగట్టు మీద ఫ్లాస్కుతో కూర్చున్న మనిషిని చూశాను. చెయ్యి ఊపాను. నువ్వు ఊపలేదు. చూడలేదో, చూసీ ఊపలేదో చెప్పు.

నీ చక్రం ఇంకా ఇక్కడే గోడకు వేలాడుతోంది.

మరదలు


దర్జీ దుకాణం పైన గది,
నవంబరు 12

మరదలు పిల్లకు,

చూశాను. చూసే ఊపలేదు. టీ మాత్రం ఆ రోజు చాలా రుచిగా ఉంది.

మీ అన్న మీద నా కక్ష తీరింది. నీమీద తీరలేదు. అది ఇంకొంతకాలం ఉంటుంది, ఉండనీ.

నిన్న ఎనిమిదో నోటు పుస్తకం మొదలుపెట్టాను. ఉత్తరం వైపు కొండల వెనక చిన్న సరస్సులు ఐదున్నాయట, అక్కడికెవరూ దారి వేయలేదు. ఇందులో కూడా గడియారం చెయ్యి, ఖాళీ చెయ్యి అనే రాస్తున్నాను. గడియారం ఏ చేతికుందో మాత్రం ఈసారి పుస్తకంలో రాయను, ఉత్తరంలోనూ రాయను. నీకు తెలియాలంటే ఆ చక్రం పట్టుకుని ఇక్కడికి రా. నా వెనకచక్రం వంకరపోయింది, అది బిగించు. తర్వాత నా పక్కన తొక్కుతూ నువ్వే చూసుకో.

మీ వదిన